బొటనవేలు మోసిన భారం: క్యాబిన్ పీడనం పడిపోయే వేళ సిబ్బంది పనిభారంపై ఒక కేస్ స్టడీ

మాకు అప్పగించిన పని

మూడు సీట్ల వ్యోమనౌక క్యాబిన్‌లో గాలి పీడనం మెల్లగా పడిపోతున్నట్లు తెలిసినప్పుడు సిబ్బంది ఏమేమి చేయాలో చెప్పే 14 స్టెప్పుల చెక్‌లిస్టు ఒకటి మా ముందు పెట్టి, అందులో ఎవరి మీద, ఏ నిమిషంలో, ఎంత పనిభారం పడుతుందో కంప్యూటర్ నమూనా కట్టి చెప్పమన్నారు. అడిగింది శిక్షణకు వాడే క్యాబిన్ మాకప్‌లు (అచ్చం క్యాబిన్‌లా ఉండే ఉత్తుత్తి కట్టడాలు) తయారుచేసే ఒక ప్రైవేటు సంస్థ. ఆ చెక్‌లిస్టు గానీ, మాకప్ గానీ నిజంగా ఎగిరే ఏ వ్యోమనౌకవీ కావు. అభ్యాసం కోసం రూపొందించినవి. అయితే అందులోని పని స్వభావం మాత్రం నిజమైనదే. ఒకరు చదవాలి, ఒకరు చేయాలి, ఒకరు గడియారాన్నీ గేజ్‌నూ కనిపెట్టి ఉండాలి, మధ్యలో భూమి నుంచి మాట వస్తే జవాబు చెప్పాలి.

ఇలాంటి పని బెంగళూరులో దొరకడం వింతేమీ కాదు. వైమానిక దళానికి చెందిన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ 1957 నుంచి ఈ నగరంలోనే ఉంది. ఇస్రో మానవ అంతరిక్షయాన కేంద్రం 2019 జనవరిలో ఇక్కడే మొదలైంది. ముగ్గురు వ్యోమగాములను సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో తిప్పి తీసుకురావాలన్నది గగన్‌యాన్ లక్ష్యం కాబట్టి, మూడు సీట్ల క్యాబిన్‌లో మనుషులు ఎలా పనిచేస్తారన్న ప్రశ్న ఈ ఊరి చిన్న చిన్న వర్క్‌షాపుల దాకా వచ్చి చేరింది. మా బృందం నలుగురిది. నేను హిందూపురం నుంచి వచ్చి చాలాకాలంగా విమానాల కాక్‌పిట్‌లలో మనిషి పనితీరును పరిశీలించే పనిలో ఉన్నాను. నమూనా కట్టే ఇంజినీరు నెల్లూరు అమ్మాయి. వీడియోలు చూసి నమోదు చేసేది కర్నూలు కుర్రవాడు. వైమానిక దళంలో నావిగేటర్‌గా పనిచేసి రిటైరైన రాజమండ్రి పెద్దాయన ఒకరు భూమి మీది కంట్రోలర్ పాత్రలో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునేవారు.

పీడనం పడిపోయే సన్నివేశాన్నే ఎంచుకోవడానికి చరిత్రలో గట్టి కారణం ఉంది. 1971 జూన్ 30న సోవియట్ వ్యోమనౌక సోయుజ్ 11 తిరిగి వస్తుండగా భాగాలు విడిపోయే సమయంలో ఒక వాల్వ్ తెరుచుకుని, క్యాబిన్ గాలి బయటికి పోయి, దొబ్రొవోల్‌స్కీ, వోల్కొవ్, పత్సయేవ్ ముగ్గురూ ప్రాణాలు కోల్పోయారు. ఆ వాల్వ్‌ను చేత్తో మూసే వీలు ఉంది, కానీ మూయడానికి పట్టే సమయం మనిషి స్పృహలో ఉండగలిగే సమయం కన్నా ఎక్కువ. పని సాధ్యమే, సమయం లేదు. ఈ రెండు మాటలకు మధ్య ఉన్న దూరాన్ని ముందుగా కొలవడమే పనిభార నమూనా కట్టేవారి వృత్తి. ఆ ప్రమాదం తర్వాత 1973లో సోయుజ్ 12 నుంచి ఇద్దరినే, పీడన దుస్తులతో పంపడం మొదలుపెట్టారు. ఇక 1997 జూన్ 25న ప్రోగ్రెస్ రవాణా నౌకను చేతితో నడుపుతూ రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌కు చేర్చే ప్రయత్నంలో అది అందులోని స్పెక్టర్ మాడ్యూల్‌ను ఢీకొన్నప్పుడు, పీడనం పడిపోతుండగా సిబ్బంది ఆ మాడ్యూల్‌ను మూసివేయవలసి వచ్చింది. తలుపు మూద్దామంటే గుమ్మం గుండా కేబుళ్లు పోతున్నాయి; ముందు వాటిని విడదీయాలి, కోయవలసినవాటిని కోయాలి. తలుపు మూయడం ఒక్క పనిగా కాగితం మీద కనిపించవచ్చు, గుమ్మం దగ్గర నిలబడిన మనిషికి అది పది పనులు. ఈ వాక్యం మా కేసుకు కూడా ఎంతగా వర్తిస్తుందో మొదట్లో మాకు తెలియలేదు.

నమూనా ఎలా కట్టాం

మేము వాడిన పద్ధతి పాతదే, బాగా నలిగినదే. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క తర్వాత ఏది వస్తుందో గీతలతో కలిపి, ఒక్కో ముక్కకు పట్టే సమయాన్ని ఒకే అంకెగా కాక ఒక పరిధిగా ఇచ్చి, ఆ వలను కంప్యూటర్‌లో వెయ్యి సార్లు నడిపిస్తాం. ప్రతి ముక్కా మనిషిలోని నాలుగు వాహికల మీద ఎంత బరువు వేస్తుందో కూడా రాస్తాం: చూపు, వినికిడి, ఆలోచన, చేతలు. ఈ నాలుగు వాహికల కొలబద్దను 1980లలో అమెరికా సైన్యం కొత్త హెలికాప్టర్ కోసం మెక్‌క్రాకెన్, ఆల్డ్రిచ్ అనే పరిశోధకులు మొదలుపెట్టారు, తర్వాతివారు సవరించారు. ఒకే రకం వాహికను రెండు పనులు కోరితే ఢీకొంటాయి, వేర్వేరు వాహికలను కోరితే కొంతవరకు కలిసి సాగుతాయి అని చెప్పే క్రిస్టఫర్ వికెన్స్ సిద్ధాంతం దీనికి తోడు నిలుస్తుంది. వంట చేస్తూ రేడియో వినగలం, కానీ రేడియో వింటూ ఫోనులో మాట్లాడలేం. సిద్ధాంతంలోని మూలం అదే.

ఆ కొలబద్దలో ప్రతి చేష్టకూ ఒక విలువ ఉంటుంది. రాసినదాన్ని చదవడానికి చూపు మీద 5.9, మాట విని అర్థం చేసుకోవడానికి వినికిడి మీద 4.9, గుర్తుపెట్టుకోవడానికి లేదా గుర్తుతెచ్చుకోవడానికి ఆలోచన మీద 5.3, లెక్క కట్టడానికి 7.0, ఒక స్విచ్ నొక్కడానికి చేతల మీద 2.2, మాట్లాడడానికి 1.0. ఒకే క్షణంలో ఒకే వాహిక మీద పడిన విలువలను కూడితే మొత్తం 7 దాటినచోట ఎర్రగీత పెడతాం. ఏడు అన్నది ప్రకృతి నియమం కాదని ఇక్కడే చెప్పడం నా బాధ్యత. కొలబద్ద పైఅంచు ఏడు కాబట్టి అదే హద్దుగా వాడుకలోకి వచ్చింది. విలువలు కూడా నిపుణుల అభిప్రాయాలను జతలు జతలుగా పోల్చి తేల్చినవి, కాబట్టి 10.6 అంటే 5.3కు సరిగ్గా రెట్టింపు శ్రమ అని అర్థం చేసుకోకూడదు. ఎక్కడ రద్దీ ఏర్పడుతుందో చూపించడానికి అది చాలు, ఎంత రద్దీయో కొలవడానికి చాలదు.

భారరహిత స్థితిని నేల మీద తేలేం. దాని బదులు ఒక్క నిబంధన పెట్టుకున్నాం: మాకప్‌లో ఉన్నంతసేపూ ప్రతి సభ్యుడూ ఒక చేత్తో పట్టుకడ్డీని పట్టుకునే ఉండాలి. కక్ష్యలో పట్టు వదిలితే మనిషి తేలిపోతాడు, వదిలిన వస్తువు తేలిపోతుంది. ప్రతి పనికీ ముందు 'నన్ను నేను నిలుపుకోవడం' అనే పని ఒకటి ఉంటుంది. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో సిబ్బంది కదలికలను చిత్రీకరించి పనులకు పట్టే కాలాన్ని కొలిచిన ఎం-151 ప్రయోగంలో, చాలా పనులకు కక్ష్యలోని మొదటి ప్రయత్నానికి నేల మీది చివరి అభ్యాసం కన్నా ఎక్కువ సమయం పట్టిందనీ, ఆ తర్వాతి ప్రయత్నాలలో సర్దుకున్నారనీ తేలింది. అందుకని నమూనాలో చేతిపనుల సమయాలన్నిటినీ పెంచి పెట్టాం.

నమూనా చెప్పింది, మాకప్‌లో జరిగింది

నమూనా ఫలితం చక్కగా వచ్చింది, ఇప్పుడు చూస్తే మరీ చక్కగా. ఎర్రగీత ఒకే ఒక్కచోట పడింది: 12వ స్టెప్పులో, మూడో సీటు సభ్యుడు మిగిలిన సమయాన్ని లెక్కగట్టేచోట. పీడనం 760 మిల్లీమీటర్ల (పాదరస మట్టం) నుంచి నిమిషానికి 5 చొప్పున పడుతుంటే, మేము హద్దుగా పెట్టుకున్న 490కి చేరడానికి 270ని 5తో భాగించి 54 నిమిషాలు అని చెప్పాలి. నిజానికి పీడనం తగ్గేకొద్దీ గాలి పోయే వేగమూ తగ్గుతుంది కాబట్టి అసలు సమయం సుమారు 67 నిమిషాలు ఉంటుంది. సూటి లెక్క తక్కువ చూపిస్తుంది, అది మేలైన వైపు తప్పు, కాబట్టి అలాగే ఉంచారు. గేజ్ చూస్తూ, గడియారం చూస్తూ, మనసులో భాగహారం చేయడం బరువే. మిగిలిన 13 స్టెప్పులూ తేలికగా గడిచిపోతాయని నమూనా అంది.

బెంగళూరులోని పీణ్యా పారిశ్రామికవాడలో ఒక షెడ్డులో, ప్లైవుడ్డు, అల్యూమినియంతో కట్టిన మాకప్‌లో ఎనిమిది విడతలు నడిపాం. ఆ సంస్థ టెస్ట్ ఇంజినీర్లు ముగ్గురు సీట్లు మార్చుకుంటూ కూర్చున్నారు. ఇద్దరు తెలుగువారు, ఒకరు కన్నడిగ. వారికి చెక్‌లిస్టు బాగా తెలుసు. 12వ స్టెప్పు కొంచెం తడబడుతూనే అయినా ప్రతిసారీ సరిగ్గా పూర్తయింది. కానీ ఎనిమిదింటిలో మూడు విడతలలో 8వ స్టెప్పు అసలు జరగలేదు.

ఎనిమిదో స్టెప్పు చిన్నది: పక్క మాడ్యూల్‌తో కలిపే వాల్వ్‌ను మూయడం. 7వ స్టెప్పు 'క్యాబిన్ పీడనం చదివి, సమయంతో సహా రాయండి' అంటుంది. 9వ స్టెప్పు 'క్యాబిన్ పీడనం మళ్లీ చదివి, ముందరి అంకెతో పోల్చండి' అంటుంది. మధ్యలో వాల్వ్ మూసి ఉంటే, పీడనం నిలిచిందా పడుతోందా అన్నదాన్ని బట్టి రంధ్రం అవతలి వైపు ఉందో ఇవతలి వైపు ఉందో తేలుతుంది. వాల్వ్ మూయకుండా తొమ్మిదికి వెళ్తే పీడనం పడుతూనే ఉంటుంది, సిబ్బంది 'రంధ్రం మన క్యాబిన్‌లోనే ఉంది' అనుకుంటారు, ఆ మాటే నమ్మకంగా భూమికి చెబుతారు. ఒక స్టెప్పు దాటిపోవడం వల్ల ఆలస్యం మాత్రమే జరిగితే దాన్ని ఇంత పెద్దదిగా చూడనవసరం లేదు. ఇక్కడ జరిగింది తప్పుడు నిర్ధారణ, అదీ అన్ని నియమాలూ పాటించామన్న తృప్తితో.

విడత అయిన వెంటనే ఇచ్చిన నాసా-టీఎల్ఎక్స్ పత్రాలు మరింత కలవరపెట్టాయి. శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్ 1988లో ప్రచురించిన ఆ పత్రంలో మానసిక శ్రమ, శారీరక శ్రమ, సమయపు ఒత్తిడి, పనితీరు, ప్రయత్నం, చిరాకు అనే ఆరు అంశాలకు మనిషి తనకు తానే మార్కులు వేసుకుంటాడు. 8వ స్టెప్పు దాటేసిన ముగ్గురూ తమ పనితీరును బాగానే ఉందన్నారు, మానసిక శ్రమ తక్కువే అన్నారు. అబద్ధం కాదు, దాటేసిన సంగతే వారికి తెలియదు. తెలియకుండా జరిగిన తప్పును స్వయంగా వేసుకునే మార్కులు పట్టుకోలేవు. పనిభారాన్ని ఆ పత్రాలతోనే కొలిచి నివేదిక ముగించే అలవాటు మన దగ్గర ఎక్కువగా ఉంది కాబట్టి ఈ విషయాన్ని నొక్కి చెబుతున్నాను.

బొటనవేలు

కర్నూలు కుర్రవాడు వీడియోలను నాలుగు రోజులు చూశాడు. ఐదో రోజు ఉదయం నా దగ్గరికి వచ్చి, "అన్నా, ముఖాలు చూడొద్దు. ఈ వేలు ఒక్కటే చూడండి" అన్నాడు.

చదివే సభ్యుడు ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని ఉన్నాడు. కుడిచేతిలో చెక్‌లిస్టు కార్డు, అవెన్యూ రోడ్డులో లామినేషన్ చేయించి స్పైరల్ వేయించినది. ఆ చేతి బొటనవేలు సరిగ్గా తాను చదువుతున్న వరుస పక్కన ఉంది. స్టెప్పు అవగానే బొటనవేలు ఒక వరుస కిందికి జారుతుంది. అది ఎవరూ నేర్పినది కాదు. బడిలో వాచకం చదివేటప్పుడు మనందరం చేసినదే. ఏడు పూర్తయింది. అంతలో భూమి నుంచి మాట వచ్చింది: క్యాబిన్ పీడనం ఎంత? జవాబు చెప్పాలంటే ఛాతీ మీద వేలాడే మాట్లాడే స్విచ్ నొక్కాలి. ఎడమచేయి కడ్డీ వదలకూడదు. అతను కార్డును నాలుగు వేళ్లతో అరచేతికి అదిమిపట్టి, కుడిచేతిని ఛాతీ దగ్గరికి తెచ్చి, బొటనవేలితో స్విచ్ నొక్కాడు. అంకె చెప్పాడు, సమయం చెప్పాడు, అవతలివారు తిరిగి చదివితే సరే అన్నాడు. పదకొండు సెకన్ల తర్వాత బొటనవేలు కార్డు మీదికి తిరిగి వచ్చింది. వచ్చింది తొమ్మిదో వరుస దగ్గరికి. 'క్యాబిన్ పీడనం' అని మొదలయ్యే వరుసలు రెండు ఉన్నాయి. పీడనం గురించి మాట్లాడి తిరిగి వచ్చిన కంటికి రెండోది కనిపించింది.

ధ్వనిని పెంచి విన్నప్పుడు మరొకటి బయటపడింది. అతను చిత్తూరు మనిషి; చెక్‌లిస్టు ఇంగ్లీషులో చదువుతున్నా, స్టెప్పు పూర్తయిన ప్రతిసారీ పెదవుల మధ్య తెలుగులో "ఆరయింది... ఏడయింది" అనుకుంటున్నాడు. కన్నడ సభ్యుడు చదివిన విడతలో "ఏళు ఆయ్తు" వినిపించింది. తన స్థానాన్ని మనిషి రెండు చోట్ల దాచుకున్నాడన్నమాట: ఒకటి బొటనవేలి కింద, ఒకటి నాలుక మీద. మాటలను లోలోపల వల్లెవేసుకుని నిలుపుకునే ఈ స్మృతి గురించి మనస్తత్వవేత్తలు బాడ్లీ, హిచ్ 1974లోనే వివరించారు. పెద్దగా మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ వల్లెవేత ఆగిపోతుందని కూడా అప్పటి నుంచీ ప్రయోగాలు చూపుతూనే ఉన్నాయి. భూమి నుంచి వచ్చిన ఒక్క ప్రశ్న ఒకేసారి వేలినీ, నాలుకనూ రెండింటినీ తీసేసుకుంది.

ఒక విడతలో మాత్రం చదివే సభ్యుడు నిబంధన మరిచి కడ్డీ వదిలి ఎడమచేత్తో స్విచ్ నొక్కాడు. బొటనవేలు కార్డు మీదే ఉంది. ఎనిమిదో స్టెప్పు సక్రమంగా జరిగింది. ఒక్క ఉదాహరణ రుజువు కాదు, కానీ ఎక్కడ వెతకాలో చెప్పింది. కడ్డీ నిబంధన లేకుండా మామూలు టేబుల్ దగ్గర ఈ పరీక్ష పెట్టి ఉంటే అందరూ ఎడమచేతినే వాడేవారు, లోపం మాకు ఎన్నటికీ కనిపించేది కాదు.

నమూనాలో ఎక్కడ తప్పాం

నెల్లూరు ఇంజినీరు, నేను ఆ సాయంత్రం పనిముక్కల పట్టిక తెరిచి కూర్చున్నాం. మా తప్పు లెక్కలో లేదు, పట్టికలో ఉంది. చెక్‌లిస్టులోని క్రియాపదాలను తీసుకుని పనిముక్కలుగా రాసుకున్నాం: చదువు, రాయి, మూయి, పోల్చు. 'ఎక్కడ ఉన్నానో నిలుపుకో' అన్న క్రియ చెక్‌లిస్టులో ఎవరూ రాయరు. దానికి సమయం పట్టదు, మొదలూ ముగింపూ ఉండవు, ఇతర పనుల అడుగున ఆగకుండా సాగుతుంది. బొటనవేలు కార్డు మీద ఉన్నంతసేపు దాని ఖర్చు దాదాపు సున్నా. వేలు లేచిన క్షణం నుంచి ఆ బరువు తలలోకి ఎక్కుతుంది.

అంకెలతో చూస్తే, కాల్ వచ్చిన సమయంలో మా మొదటి నమూనా వేసిన బరువులు ఇవి: వినికిడి 4.9, గేజ్ అంకెను గుర్తుతెచ్చుకోవడానికి ఆలోచన 5.3, స్విచ్ 2.2, మాట 1.0 కలిపి చేతలు 3.2. ఏదీ ఏడు దాటలేదు, కాబట్టి ఆ చోటును తేలికగా గుర్తించి ముందుకు పోయాం. వేలు లేచాక స్థానాన్ని జ్ఞాపకం పెట్టుకునే పనికి మరో 5.3 కలిపితే ఆలోచన మీద 10.6 అయింది. ఎర్రగీత 12వ స్టెప్పు దగ్గర కన్నా ఇక్కడ బలంగా పడింది. ఒక్క వరుస కలిపితే నమూనా మొత్తం మాట మార్చింది.

ఇది చూసి నమూనాల మీద నమ్మకం పోవాలని నేను అనను. మేము రాసిన పనులను అది నిజాయితీగా మోసింది. రాయని పనిని మోయలేదు.

ఆ ప్రశ్న అక్కడే ఎందుకు వచ్చిందన్నదీ ఆలోచించాం. రాజమండ్రి పెద్దాయనను అడిగితే, "పీడనం చదివారని హెడ్‌సెట్‌లో వినిపించింది బాబూ, అంకె నాకు కావాలి, అడిగాను. ఎవరున్నా అక్కడే అడుగుతారు" అన్నారు. అంతరాయం యాదృచ్ఛికం కాదు. పనిక్రమమే దాన్ని ఆ చోటికి పిలుస్తోంది. అంతరాయాలను ఎప్పుడైనా రావచ్చునని చల్లి వదిలేయడం నమూనాలో మేము చేసిన రెండో తప్పు.

దిద్దుబాటు, రెండో దఫా

మొదట అందరికీ తట్టినది టాబ్లెట్. స్టెప్పు అయ్యాక తెర మీద టిక్ పెట్టుకుంటే స్థానం అదే నిలుస్తుంది కదా అనుకున్నాం. రెండు విడతలలోనే దాన్ని పక్కన పెట్టాం. పీడన దుస్తుల చేతితొడుగుకు నమూనాగా మేము వాడిన మందపాటి తొడుగుతో ఒక వరుస మీద నొక్కితే పక్క వరుస కూడా టిక్ అయింది. అంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది: ఒకరు స్టెప్పు చదవగానే టిక్ పెడుతున్నారు, ఇంకొకరు పని పూర్తయ్యాక పెడుతున్నారు. టిక్‌కు అర్థం ఇద్దరికీ ఒకటి కానప్పుడు, టిక్ లేకపోవడం కన్నా ఉండటమే ప్రమాదకరం. ఎలక్ట్రానిక్ తెరలతో మనిషి చేసే పని భారరహిత స్థితిలో ఎలా మారుతుందో పరిశీలించే భారతీయ ప్రయోగం ఒకటి 2025లో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా పాల్గొన్న ఆక్సియమ్-4 అంతరిక్ష యాత్రలో భాగంగా వెళ్లింది. తెరల గురించి ఒక్క మాటలో తేల్చేయడం తగదన్నది నా అభిప్రాయం. మా తొడుగుకూ, మా తెరకూ మాత్రం కుదరలేదు.

చివరికి మూడు మార్పులు నిలిచాయి, మూడూ చవకైనవే. కార్డు అంచుకు బిగుతుగా జారే సన్నని ఆక్రిలిక్ పట్టీ పెట్టాం. పూర్తయిన వరుసలను అది కప్పేస్తుంది, చేయి తీసినా ఉన్నచోటే ఉంటుంది, కార్డుకు అతుక్కుని ఉంటుంది కాబట్టి బరువు లేనిచోట కూడా తేలిపోదు. అపోలో 12 నుంచి చంద్రుడి మీద నడిచినవారు చెక్‌లిస్టును మణికట్టుకు కట్టుకున్నారు. సోయుజ్‌లో సీటుకు బిగించుకున్న కమాండర్ దూరంగా ఉన్న బటన్లను ఒక చిన్న కర్రతో నొక్కుతాడు. చేతికి అందనిదాన్ని, చేయి పట్టలేనిదాన్ని వస్తువుకు అప్పగించడం ఈ రంగంలో పాత విద్యే. రెండో మార్పుగా, తొమ్మిదో వరుసను 'ముందరి అంకెతో పోల్చండి' అన్న మాటలతో మొదలుపెట్టి, ఏడో వరుసతో పోలిక లేకుండా చేశాం. మూడోది భూమి వైపు మార్పు. పీడనం అంకెను కంట్రోలర్ అడగకూడదు. 8వ స్టెప్పు పూర్తయ్యాక సిబ్బందే చెబుతారు. పెద్దాయనకు ఇది మొదట రుచించలేదు. అంకె తెలియకుండా 40 సెకన్లు కూర్చోవడం కష్టమన్నారు. వీడియోలో ఆ వేలును చూపించాక మారుమాటాడలేదు.

రెండో దఫా ఎనిమిది విడతలకు పాతవారిని తీసుకోలేదు. వారికి కిటుకు తెలిసిపోయింది. కొత్తగా ముగ్గురిని తీసుకున్నాం. 8వ స్టెప్పు ఒక్కసారి కూడా తప్పలేదు. సంస్థ వారు సంతోషించారు గానీ, ఎనిమిదింటిలో సున్నా తప్పులు అన్న అంకెకు ఉన్న బలం ఎంతో నివేదికలో విడిగా రాశాను: 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, అసలు తప్పు రేటు 31 శాతం దాకా ఉన్నా ఇలాంటి ఫలితం రావచ్చు. మొదటి దఫాలో ఎనిమిదింటికి మూడు తప్పులు, రెండో దఫాలో సున్నా అన్నది ఆశ కలిగించే తేడాయే తప్ప తేల్చి చెప్పే తేడా కాదు. మా నమ్మకం అంకె మీద కన్నా ఎక్కువగా వీడియోలో కనిపించిన విధానం మీద ఆధారపడి ఉంది: కాల్ వచ్చినప్పుడు వేలు లేచినా పట్టీ లేవలేదు, తిరిగి వచ్చిన కంటికి మొదట కనిపించింది తర్వాత చేయవలసిన వరుసే.

తెల్లవారుజామున

ఆ ఎనిమిదింటిలో రెండు విడతలను తెల్లవారుజామున నాలుగింటికి, షెడ్డులోనే పడుకున్నవారిని నిద్రలేపి నడిపాం. అలారం పగటిపూటే మోగుతుందన్న హామీ ఏమీ లేదు. స్పేస్ షటిల్, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వ్యోమగాముల నిద్రను కొలిచి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎనిమిదిన్నర గంటల నిద్రకు వేళ కేటాయించినా వారు నిద్రపోయింది సగటున సుమారు ఆరు గంటలే, నాలుగింట మూడు వంతుల మంది నిద్రమందు వాడారు. ఆరు గంటల నిద్రతో, అందులోనూ మధ్యలో లేచిన మనిషినే నమూనాలో కూర్చోబెట్టాలి.

నిద్రమత్తులో కూడా పట్టీ తన పని తాను చేసింది. తప్పింది 12వ స్టెప్పు, మా మొదటి నమూనా ఎర్రగీత పెట్టినచోటే. మూడో సీటు ఆమె 742 నుంచి 490 తీసివేసి 352 అంది. ఆ అంకెను, ఆ విడతలో నిమిషానికి పడే వేగమైన 6తో భాగించి, 42కు బదులు 58 నిమిషాలని స్థిరమైన గొంతుతో ప్రకటించింది. ఎవరూ ప్రశ్నించలేదు. భాగహారంలో తప్పు లేదు, తీసివేతలో నూరు ఎక్కువైంది. 16 నిమిషాలు గాలిలోంచి పుట్టుకొచ్చాయి. దాంతో తలలో లెక్కకట్టే స్టెప్పునే తీసేసి, నిలువు వరుసలో పీడనం, అడ్డు వరుసలో పడిపోయే వేగం ఉన్న అచ్చు పట్టికను కార్డు వెనుక ముద్రించాం. కొలబద్దలో 7.0 ఉన్న లెక్క స్థానంలో 5.9 ఉన్న చదవడం వచ్చింది, బరువు ఆలోచన నుంచి చూపు మీదికి మారింది. ఆ సమయంలో ఆమె చూపు గేజ్ మీద కూడా ఉండాలి కాబట్టి కొత్త రద్దీ పుట్టే అవకాశం ఉందని నమూనా హెచ్చరించింది. అందుకని గేజ్ చదవడం ముగిశాకే పట్టిక వైపు తిరగాలని స్టెప్పును రెండుగా విడగొట్టాం. ఇప్పుడు చెక్‌లిస్టుకు 15 స్టెప్పులు.

అప్పగించినది, అప్పగించలేనిది

నివేదికతో పాటు నమూనా ఫైళ్లు, ఆక్రిలిక్ పట్టీ కొలతలు, కొత్త కార్డులు ఇచ్చాం. భారరహిత స్థితి గురించి మా దగ్గర ఉన్నది కడ్డీ నిబంధన ఒక్కటే అని మొదటి పేజీలోనే రాశాం. అక్కడికి వెళ్లిన తొలి రోజుల్లో చాలామందిని పట్టే వికారం, తలతిప్పుడు మా లెక్కలో లేవు. పీడనం నిండిన తొడుగులో వేళ్లు ఎంత బిగుసుకుంటాయో మా పీణ్యా తొడుగు చూపించలేదు. పట్టీ జారే బిగువు ఆ తొడుగుతోనే సరిచూడాలి, బిగువు ఎక్కువైతే రెండు వరుసలు ఒకేసారి దూకుతుంది. ఆ పరీక్షకు కావలసిన దుస్తులు మాకు అందుబాటులో లేవు. దాన్ని ఎవరు, ఎప్పుడు చేయాలో నివేదికలో పేర్కొన్నాం.

మా పనిముక్కల పట్టికలో ఇప్పుడు క్రియాపదం కన్నా ముందు రెండు కొత్త గడులు ఉన్నాయి. ఒకదానిలో ఆ క్షణంలో ఎడమచేయి, కుడిచేయి ఎక్కడ ఉన్నాయో రాస్తాం. రెండోదానిలో మనిషి తన స్థానాన్ని దేనికి అప్పగించాడో రాస్తాం: వేలికా, నాలుకకా, వస్తువుకా, తలకా. నెల్లూరు ఇంజినీరు పాత ప్రాజెక్టుల పట్టికలు కూడా తీసి ఆ గడులు నింపుతోంది. నింపలేని వరుసలు వచ్చినచోట వీడియో తెప్పించుకుంటోంది.